పదకొండు మీగడరంగు అంగీలు

ఫిబ్రవరి 9

ప్రభువులో ప్రియమైనవాడూ, సిద్ధాంతంలో మాత్రం పరమ మొండివాడూ అయిన తమ్ముడికి,

అక్క రాస్తున్నదేమంటే, నేను బాగున్నాను. నువ్వూ మరదలూ బాగున్నారనుకుంటాను. ఫోను చెయ్యలేదేమని అడగకు. మనిద్దరం ఫోనులో మాట్లాడుకుంటే మొదటి నిమిషం క్షేమం, రెండో నిమిషం ఎండలూ వానలూ, మూడో నిమిషానికి క్రీస్తు విరోధి. నాలుగో నిమిషంలో ఎవరో ఒకరం ఠపీమని పెట్టేస్తాం. ఉత్తరమైతే మధ్యలో నా మాట తుంచెయ్యడానికి నీకు వీలుండదు.

అసలు సంగతి. తారీఖు తేలింది. జూన్ 14, ఆదివారం. మా పాస్టరుగారు పూర్వం లెక్కల మాస్టారని నీకు తెలుసు కదా. ఆరు నెలలు కూర్చుని మూడు నోటు పుస్తకాలు నింపి తేల్చారు. ఆ రోజు బూర మోగుతుంది, ప్రభువు వస్తాడు, మేం బతికుండగానే ఆకాశానికి ఎత్తబడతాం. ఏడేళ్ల శ్రమల కాలం ఆ తర్వాత మొదలవుతుంది. అంటే అది మీ గోడౌను సంఘం వాళ్లకన్నమాట. మీరు బియ్యం బస్తాల మీద కూర్చుని ఏడేళ్లూ తీరిగ్గా అనుభవించండి.

ఆ రోజుకు సంఘమంతటికీ తెల్లని అంగీలు కావాలి. నలభై రెండు. కుట్టే పని నాకే అప్పగించారు. ముప్పై ఏళ్లుగా పెళ్లిబట్టలూ బడి యూనిఫారాలూ కుట్టిన దాన్ని, ఇప్పుడు పైకి వెళ్లేవాళ్లకు కుడుతున్నాను. నాకెంత గర్వంగా ఉందో నీకు చెప్పినా అర్థం కాదు.

నా కళ్ల గురించి నువ్వు రెండేళ్లుగా ఒకటే పాట పాడుతున్నావు. అవును, సూదిలో దారం ఎక్కించాలంటే ఎవరో ఒకరి సాయం కావాలి. నల్లదారమో నీలం దారమో తెలియాలంటే రీలు కిటికీ దగ్గరికి తీసుకుపోవాలి. అయితే ఏం? నాలుగు నెలల్లో కొత్త శరీరం వస్తోంది, కళ్లతో సహా. ఈ నాలుగు నెలల కోసం పాత కంట్లో కత్తి పెట్టించుకోవాలా? రేపు కూలగొట్టే ఇంటికి ఇవాళ సున్నం వేయిస్తారట్రా ఎవరైనా? ఈ కళ్ల సంగతి ఇక్కడ ఒక్కరికి తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే అంగీల పని ఇంకెవరికో పోతుంది.

నీ చీమ తలకాయల రాత మాత్రం నాకు అందడం లేదు. నువ్వు పంపిన భూతద్దం పెడితే చీమలు ఏనుగులవుతున్నాయి గానీ అక్షరాలు కావడం లేదు. అందుకని నీ ఉత్తరాలు ఎదుటి వరండాలో ఇస్త్రీ చేసే ఆవిడ చదివి పెడుతుంది. ఆ ఒక్కరూ ఆవిడే. ఆవిడదీ మా సంఘమే, వెనక బెంచీ, నోరు జారే మనిషి కాదు. రాయడానికి నాకు ఎవరూ అక్కర్లేదు. చూస్తున్నావుగా, లావు పెన్నుతో పేజీకి ఎనిమిది లైన్లు.

ఈ కవరులో మా ఇంటి తాళంచెవి ఉంది. “మిగిలిపోయినవాళ్లకు” అని ఒక నోటు పుస్తకం రాసి కుట్టుమిషను సొరుగులో పెట్టాను. నీళ్ల మోటారు ఎలా వెయ్యాలో, మిషను బెల్టు ఎక్కడ దొరుకుతుందో, ఎవరి బట్టలు ఎవరికివ్వాలో అన్నీ అందులో ఉన్నాయి. నువ్వు మిగిలిపోతావని నాకు సంతోషం కాదురా. కానీ మిగిలేవాళ్లలో నాకు నమ్మకస్తుడివి నువ్వే.

పైనే కలుద్దామని ఆశ ఉన్నా, ఎందుకైనా మంచిదని తాళంచెవి పంపుతున్న
అక్క


ఫిబ్రవరి 18

గాల్లోకి లేవబోతున్న అక్కకు నేలమీది తమ్ముడు రాసేది,

తాళంచెవి అందింది. మేకుకు తగిలించాను. జూన్ 14 సాయంత్రం నువ్వు డాబా దిగి, తాళం వేసిన గుమ్మం ముందు నిలబడినప్పుడు నీకే పనికొస్తుంది.

మీ లెక్కల మాస్టారు బడిలో కూడా జవాబు ముందు రాసి లెక్క తర్వాత చేసేవాడట. మూడేళ్ల కిందట తేలిన తారీఖు ఏమైంది? సంఘమంతా డాబా ఎక్కి, వానలో తడిసి, వారం రోజులు తుమ్ముతూ స్తోత్రం చెప్పారు. అందుకే ఇక్కడ మిమ్మల్ని డాబా సంఘం అంటాం.

వాక్యం సరిగ్గా చదివితే ముందు శ్రమలు, తర్వాత ప్రభువు రాకడ. సంఘం ఆ శ్రమల్లోంచి నడిచి వెళ్లాల్సిందే. పరీక్ష రాయకుండా పాసైనట్టు కాగితం ఎవడిస్తాడు? మేం పరీక్షకు సిద్ధంగా ఉన్నాం. వెనక గదిలో పదహారు బస్తాల బియ్యం, ఎనిమిది బస్తాల పప్పు, ఉప్పు, కొవ్వొత్తులు, నాలుగు వందల అగ్గిపెట్టెలు. ఒక బస్తా మీద “అక్క” అని రాసిపెట్టాను. ఎగరబోయి కింద పడ్డవాళ్లకు ఆకలెక్కువ ఉంటుంది.

కళ్ల విషయంలో నన్ను అపార్థం చేసుకోకు. నీమీద జాలితో ఆపరేషన్ చేయించుకోమనడం లేదు. పాతికేళ్లుగా కళ్లజోళ్ల దుకాణం నడుపుతున్నవాడి అక్క గోడ పట్టుకుని నడుస్తోందంటే, నా దగ్గరికి వచ్చేవాళ్లు ఏమనుకుంటారు? దుకాణం పరువు పోతుంది. అదీ నా బాధ.

ఒక పందెం. ఇక్కడి కంటి ఆసుపత్రిలో జూన్ 30కి నీ పేరు రాయిస్తాను. 14న మీరు పైకి పోతే ఆ మంచం ఇంకెవరికో ఇస్తారు. పోకపోతే నువ్వు కిక్కురుమనకుండా వచ్చి కంటిపొర తీయించుకోవాలి. నీ తారీఖు మీద నీకు నమ్మకం ఉంటే ఒప్పుకో.

ఇస్త్రీ ఆవిడ చదువుతుందన్నావు. ఆవిడకెంత చదువొచ్చో నాకు తెలియదు. రాకడ ముందా, శ్రమలు ముందా అన్నది చొక్కా ముందా, ప్యాంటు ముందా లాంటిది కాదని ఆవిడకు చెప్పు.

నేలమీదే ఉండి నీ బస్తాకు కాపలా కాస్తున్న
తమ్ముడు


మార్చి 3

పైకి మొండిగా కనపడ్డా లోపల మెత్తనైన తమ్ముడికి,

నీ ఉత్తరం విని కళ్లు తుడుచుకున్నాను. ఎంత వెటకారంగా మొదలుపెట్టినా చివర్లో “అక్కా, నీ కళ్ల గురించి తలచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు” అని రాశావు చూడు, ఆ ఒక్క మాటతో నీ బస్తాలన్నీ క్షమించేశాను. నీకు నామీద ఇంత బెంగ ఉందని తెలియదురా. ఇన్నాళ్లూ దుకాణం గొప్ప కోసం వేధిస్తున్నావనుకున్నాను.

రెండు కాగితాల ఉత్తరం ఇస్త్రీ ఆవిడ అయిదు నిమిషాల్లో ముగించేసింది. “అంతేనా?” అంటే, “మీ తమ్ముడి రాత చిన్నది కదా టైలరమ్మా, తొందరగా అయిపోయింది” అంది.

పందానికి ఒప్పుకున్నాను. జూన్ 30న నేను ఉండను కాబట్టి ఒప్పుకోవడానికి నాకేం కష్టం? నీ తృప్తి కోసం రాయించుకో.

సంఘంలో పెద్ద రగడ. కోశాధికారి తన అంగీకి జేబు కావాలన్నాడు. పైకి పోయేవాడికి జేబెందుకయ్యా అన్నారు పాస్టరుగారు. కళ్లజోడు పెట్టుకోవడానికట. కొత్త కళ్లొస్తుంటే కళ్లజోడెందుకని ఈయన. రెండు ఆదివారాలు ప్రసంగం జేబుల మీదే నడిచింది. చివరికి జేబులు వద్దని తీర్మానం చేశారు. తీర్మానం అయ్యాక పాస్టరుగారు నన్ను పక్కకు పిలిచి, తన అంగీకి మాత్రం లోపలివైపు ఒకటి పెట్టమన్నారు. లెక్కల పుస్తకానికట.

గుడ్డ నాలుగు తానులు వచ్చింది. కొట్టు గుమాస్తా “ఇందులో ఒక తాను కాస్త తేడాగా ఉన్నట్టుందమ్మా, చూసుకోండి” అన్నాడు. వాడు పుట్టకముందు నుంచీ గుడ్డ చూస్తున్న దానికి చెబుతాడా! నేను చూసుకుంటాలే, నువ్వు వెళ్లు అన్నాను.

నీ నిద్ర కోసం ప్రార్థిస్తున్న
అక్క


మార్చి 15

అక్కకు,

జూన్ 30 ఖాయం చేశాను. పొద్దున తొమ్మిదింటికి.

ఒక ముక్క అర్థం కాలేదు. నాకు నిద్ర పట్టడం లేదని నేనెప్పుడు రాశాను? పడుకున్నానంటే పక్కింటివాళ్లు గోడ బాదేంత గురక పెడతానని మీ మరదల్ని అడుగు. చెవులు కూడా తగ్గాయా నీకు? లేకపోతే ఆ ఇస్త్రీ ఆవిడ ఇంకెవరి ఉత్తరమో చదివి పెట్టిందా? నేను రాసింది దుకాణం పరువు గురించి. ఆ పేరా మళ్లీ చదివించుకో.

బియ్యానికి పురుగు పట్టింది. శ్రమల కాలం కన్నా ముందే మాకు పురుగులొచ్చాయి. మీ మరదలు ప్రతి శనివారం బస్తాలన్నీ విప్పి, ఆరబోసి, జల్లించి మళ్లీ కడుతోంది. “మీ ఏడేళ్ల శ్రమలు ఎప్పుడొస్తాయో గానీ, నాకు మాత్రం మొదలై రెండేళ్లయింది” అంటోంది. విశ్వాసంలో చంటిపిల్ల.

శ్రమల కాలంలో క్రీస్తు విరోధి వేసే ముద్ర విషయంలో మాత్రం నేను కళ్లు తెరుచుకునే ఉన్నాను. మొన్న ఒక కంపెనీ మనిషి వచ్చి, కళ్లు పరీక్షించే కొత్త మిషను పెట్టుకోండి, ముందు వేలిముద్ర వెయ్యండి అన్నాడు. ఏ చెయ్యి అన్నాను. కుడిచెయ్యి అన్నాడు. గుమ్మం చూపించాను. రేపు కుడిచేతి మీదో నుదుటి మీదో ముద్ర వేస్తామని ఎవడొచ్చినా చెయ్యి నరుక్కుంటాను గానీ వేయించుకోను. మీరు ముందే ఎగిరిపోతామనుకునేవాళ్లు, మీకా భయం లేదు. అందుకే మీరంతా ఏమరుపాటు మనుషులు.

ఏమరుపాటు లేని
తమ్ముడు


మే 20

నిద్రలేని నా తమ్ముడికి,

మీ పురుగుల కథ విని ఇద్దరం పడీపడీ నవ్వాం. ఇస్త్రీ ఆవిడ ఆ ముక్క రెండుసార్లు చదివింది. ఈసారి కూడా చివర “ఒంటరిగా గోడ పట్టుకుని నడవకు అక్కా, నాకు దిగులుగా ఉంటుంది” అని రాశావు. అంత దిగులు పడకు. ఇంకెన్ని రోజులు? పాతిక.

నలభై రెండు అంగీలూ అయిపోయాయి. కాజాలు కుట్టేటప్పుడు మూడుసార్లు వేలు పొడుచుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. ఇస్త్రీ అంతా ఆవిడే చేసింది. ఏది ఎవరిదో చీటీలు గుచ్చిందీ ఆవిడే. పని మధ్యలో ఒకసారి ఆగి, “టైలరమ్మా, ఇవన్నీ ఒకటే గుడ్డా?” అంది. “అన్నీ తెలుపే, నువ్వు కానివ్వు” అన్నాను. ఇంకేం అడగలేదు.

ఆవిడ సిద్ధాంతం ఏమిటో తెలుసుకుందామని కూర్చోబెట్టి అడిగాను. శ్రమలకు ముందు ఎత్తబడతామా, తర్వాతా? “బొగ్గులు ఉన్నంతసేపు ఇస్త్రీ చేస్తాను టైలరమ్మా. బూర వినపడితే పెట్టె దించి వస్తాను” అంది. ఏళ్ల తరబడి ప్రసంగాలు విని ఆవిడకు ఒంటబట్టింది ఇదీ. పాపం అనిపించింది.

వచ్చే నెల నీకు ఉత్తరం రాకపోతే కారణం నీకు తెలుసు. సొరుగులో నోటు పుస్తకం మర్చిపోకు.

ప్రయాణానికి సిద్ధంగా ఉన్న
అక్క


జూన్ 16

తమ్ముడూ,

అవును, ఇక్కడే ఉన్నాను. నవ్వాలనుంటే ఇక్కడ ఆపి నవ్వి, తర్వాత మిగతాది చదువు.

పొద్దున ఆరింటికల్లా అందరం అంగీలు వేసుకుని డాబా ఎక్కాం. పాటలు పాడాం. తొమ్మిదయింది, పదకొండయింది. డాబా గచ్చు కాలుతోంది. ఒక కాలు ఎత్తి ఇంకో కాలు దించుతూ నిలబడ్డాం. పన్నెండింటికి కోశాధికారి, నిలబడి నిలబడి విసుగెత్తి కాబోలు, అటూ ఇటూ చూసి, “ఇదేంటి, కొందరి అంగీలు పసుపుగా ఉన్నాయి?” అన్నాడు.

అందరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. వరసగా నిలబెట్టి చూస్తే పదకొండు. మీగడ రంగులో ఉన్నాయన్నారు. పాస్టరుగారు కాసేపు కళ్లు మూసుకుని, “అందరికీ తెల్లనివే ఇచ్చాం. రంగు మారిందంటే వేసుకున్న మనిషిలో దాచిపెట్టిన పాపం ఉంది. వీళ్ల వల్లే ప్రభువు మేఘం దాకా వచ్చి ఆగిపోయాడు” అన్నారు. లెక్క తప్పలేదని తేలినందుకు ఆయన ముఖం ఎంత తేలికపడిందో, గొంతులోనే తెలిసిపోయింది.

పదకొండుగురినీ డాబా దింపేశారు. లిఫ్టు నడిపే ముసలాయన ఏడ్చాడు. ఆయన భార్యది తెల్ల అంగీ. ఆవిడ రెండు రోజులుగా ఆయనతో మాట్లాడడం లేదట. బడి ఆయా ఉంది. ఇస్త్రీ ఆవిడ కూడా ఉంది. వాళ్లు నలభై రోజులు ఉపవాసముండి ఒప్పుకోవాలట. ఏం ఒప్పుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. కూడికలో వాళ్లకు వెనక వేరే బెంచీలు వేశారు.

నేను నోరెత్తలేదు. అన్నీ తెల్లవే కుట్టానురా. కుట్టేటప్పుడు తెల్లగా ఉన్న గుడ్డ ఎండకు రంగు మారుతుందా? నీకు తెలిస్తే రాయి. ఎందుకంటే డాబా మీద కూడా నాకు అన్నీ ఒకేలా కనిపించాయి.

నాకు భయంగా ఉంది.

అక్క


జూన్ 19

భూమికి తిరిగొచ్చిన అక్కకు స్వాగతం!

నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచీ నవ్వుతున్నాను, దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెప్పి మరీ. అద్దాలు తుడుచుకోవడానికి గుడ్డ సరిపోలేదు.

గుడ్డ రంగు మారలేదు అక్కా. నీ కన్ను మారింది. పొర ముదిరితే కంట్లోని అద్దం పసుపు పడుతుంది. అందులోంచి చూస్తే తెలుపూ పసుపే, మీగడరంగూ పసుపే. రెండింటికీ తేడా తెలియదు. నేను రోజూ దుకాణంలో చూసే సంగతే ఇది. గుమాస్తా తేడా అన్న తాను అదే. నలభై రెండు అంగీలకు నాలుగు తానులు. తానుకు పది, పదకొండు వస్తాయి. మీ లెక్కల మాస్టారిని ఈ లెక్క చెయ్యమను.

అంటే మీ సంఘం రెండు ముక్కలైంది సిద్ధాంతం వల్ల కాదు, పాపం వల్ల కాదు, ఒక టైలరు కంటిపొర వల్ల. ఇక ముందు మీలో తెల్లవాళ్లకో పాస్టరు, మీగడవాళ్లకో పాస్టరు. వందేళ్ల తర్వాత దీనిమీద పుస్తకాలు కూడా రాస్తారు.

నువ్వు చెప్పదలిస్తే చెప్పు, లేకపోతే లేదు. ఆ పదకొండుగురు నీ కంటి కోసం నలభై రోజులు కడుపు మాడ్చుకుంటారు, అంతే కదా. పందెం మాత్రం పందెమే. 30 పొద్దున తొమ్మిది. బస్టాండు నుంచి నేనే తీసుకెళ్తాను.

పందెం గెలిచిన
తమ్ముడు


జూన్ 23

తమ్ముడికి,

నీ ఉత్తరం ఎవరు చదివి పెట్టారో నువ్వు ఒక్క క్షణం ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు. ఎప్పటిలాగే ఇస్త్రీ ఆవిడ చేతిలో పెట్టాను.

చదువుతూ చదువుతూ మధ్యలో ఆగింది. బట్టమీది ఇస్త్రీపెట్టె తీసి పక్కన పెట్టింది. తర్వాత ఒక్క ముక్క కూడా వదలకుండా చివరిదాకా చదివింది, నీ నవ్వులతో సహా. నేను తలెత్తలేకపోయాను. “నీకు తెలుసా?” అన్నాను. “ఇస్త్రీ చేసేటప్పుడే చూశాను. అడిగాను కూడా. నువ్వు తెలుపన్నావు. పెద్దగా అంటే నీ కళ్ల సంగతి వీధిలో అందరికీ తెలిసిపోతుంది. పసుపువాటిలో ఒకటి నేనూ వేసుకుంటే ఎవరేమంటారులే అనుకున్నాను. ఇంత గొడవ చేస్తారని నాకేం తెలుసు?” అంది. విసుగ్గానే అంది. ఉపవాసం కదా, ఆకలి మీద ఉంది.

ఆదివారం కూడికలో లేచి నిలబడ్డాను. సాక్ష్యం చెబుతాననుకుని పాస్టరుగారు నవ్వుతూ మైకిచ్చారు. “పాపం వాళ్లది కాదు. నాకు కళ్లు కనపడడం లేదు. రెండేళ్లుగా దాస్తున్నాను. గుడ్డ నేనే తప్పు కోశాను” అని చెప్పి కూర్చున్నాను. పాస్టరుగారు మైకు తీసుకుని, ఈ సహోదరి కంటిపొర కూడా దేవుని ఏర్పాటేననీ, ఎవరికి ఏ రంగు దక్కాలో ఆ పొర ద్వారానే నిర్ణయమైందనీ, కొత్త తారీఖు అక్టోబరులో ఉందనీ చెప్పారు. నిజం చెప్పాక కూడా తెల్ల అంగీలవాళ్లు ముందు బెంచీలు వదల్లేదు. వారం రోజుల్లో అలవాటైపోయిందట.

అక్టోబరు అంగీలు నాకివ్వరు. సరే. మాటన్నాక మాటే, 30న వస్తాను. ఇస్త్రీ ఆవిడ తోడొస్తానంది. నా తమ్ముడున్నాడు, నువ్వెందుకు అంటే వినలేదు. లోపల నువ్వు నా పక్కనే ఉంటావుగా? నాకు కత్తి అంటే చిన్నప్పటి నుంచీ భయమని నీకు తెలుసు.

అక్క


జూలై 2

అక్కకు,

మీ మరదలు నాతో మాట్లాడడం లేదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

నేను పారిపోలేదు. ఈ సంగతి ముందు తేలాలి. బస్టాండు నుంచి గేటు దాకా నీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది నేనే. గేటులో బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి నా చెయ్యి అడిగింది. ఇచ్చాను. “ఇది కాదు, కుడిది” అంది. చూస్తే ఊదారంగు సిరా, రబ్బరు ముద్ర! కుడిచెయ్యే ఎందుకన్నాను. “అందరికీ కుడిచెయ్యే సార్” అంది. అందరికీ! నువ్వే విన్నావు ఆ మాట. అద్దం తలుపులోంచి లోపలికి చూశాను. బెంచీ మీద పది పన్నెండు మంది, వరసగా, అందరి నుదుటి మీదా గుర్తు! ఏ కంటికి ఆపరేషన్ చెయ్యాలో తెలియడానికి నర్సు పెన్నుతో గీస్తోందని మీ మరదలు మాటలు మానేసే ముందు చెప్పింది. ఆ క్షణాన నాకెవరు చెప్పారు? ఇరవై ఏళ్లుగా నేను ఎదురుచూస్తున్నది సరిగ్గా అదే. చేతిమీదా, నుదుటిమీదా.

నా చెయ్యి దానంతటదే వెనక్కొచ్చింది. ఎదురుగా పళ్లకొట్టు పందిరి కింద నిలబడి నాలుగింటి దాకా నీకోసం ప్రార్థన చేశాను. ఇస్త్రీ ఆవిడ నావంక ఒకసారి చూసి, తన కుడిచెయ్యి చాచి ముద్ర వేయించుకుని, నిన్ను లోపలికి తీసుకెళ్లింది. ఆవిడకు సిద్ధాంతం తెలియదు కాబట్టి భయం లేదు.

మా సంఘంలో దీన్ని సాక్ష్యంగా చెప్పాను. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎందుకో తెలియదు, ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

కన్నెలా ఉంది?

తమ్ముడు


జూలై 14

తమ్ముడికి,

ఈ ఉత్తరంలో పేజీకి పదహారు లైన్లున్నాయి, గమనించావా?

కన్ను బాగుంది. ఒకటే అయింది కదా, ఇప్పుడు నాకొక ఆట దొరికింది. కొత్త కన్ను మూస్తే ప్రపంచమంతా మీగడరంగు. పాత కన్ను మూస్తే తెలుపు. నా ముఖం మీదే రెండు సంఘాలూ ఉన్నాయి. పాస్టరుగారికి ఇది చెబితే నవ్వలేదు.

మర్నాడు పొద్దున ఇంట్లో కట్టు విప్పగానే మొదట కనిపించినదేమిటో చెప్పనా? ఇస్త్రీ ఆవిడ చెయ్యి. నా గడ్డం పట్టుకుని ముఖం ఇటూ అటూ తిప్పి చూస్తోంది. మణికట్టు మీద నీ క్రీస్తు విరోధి ముద్ర ఇంకా చెరగలేదు. రెండేళ్ల తర్వాత నేను సొంతంగా చదివిన మొదటి అక్షరాలు అవే. ఏముందో తెలుసా అందులో? ఒక తారీఖు, దానికింద “రోగితో వచ్చినవారు”. అంతే. దానికి నువ్వు నాలుగింటి దాకా రోడ్డు దాటలేదు.

ఆ తర్వాత భూతద్దం తీశాను. ఇన్నాళ్లకు పనికొచ్చింది. నీ పాత ఉత్తరాలన్నీ ముందేసుకుని ఒక్కొక్కటీ నేనే చదువుకున్నాను. దుకాణం పరువు గురించి చదివాను. నామీద జాలి కాదని నువ్వు రాసింది చదివాను. చొక్కా ముందా, ప్యాంటు ముందా చదివాను. గురక చదివాను. నిద్ర పట్టడం లేదన్న మాట ఎక్కడుందా అని వెనకా ముందూ తిప్పి వెతికాను. లేదు. దిగులుగా ఉంటుందన్న మాటా లేదు. ఏ ఉత్తరంలోనూ లేదు.

పట్టుకెళ్లి ఆవిడ ముందు పడేశాను. ఆవిడ పెట్టె దించలేదు. “ఎవరు ముందు పోతారో, ఎవరు వెనక పోతారో అని రెండేసి పేజీలు. అవన్నీ చదువుతూ కూర్చుంటే నా బొగ్గులు ఆరిపోతాయి. వదిలేశాను. అంత పెద్ద ఉత్తరంలో అక్కకు ఒక్క మంచి మాట లేకపోతే చదివేదానికి నాకే సిగ్గేసింది. అందుకని చివర ఒకటి కలిపాను” అంది.

నేను ఆ పందెం ఎందుకు ఒప్పుకున్నానో నీకు తెలుసా? తారీఖు మీద నమ్మకంతో అనుకున్నావు. నీకు నిద్ర పట్టడం లేదన్నావని ఒప్పుకున్నానురా.

రెండో కన్ను ఆగస్టులో చేస్తారట. నువ్వు రానక్కర్లేదు. ఆవిడ వస్తానంది.

అక్క


జూలై 21

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. “అక్క” అని రాసి ఉన్న బస్తా మీద కూర్చుని చదివాను. దానికీ పురుగు పట్టింది.

ఇవాళ పొద్దున నీ రెండో కంటికి తారీఖు రాయించడానికి ఆసుపత్రికి వెళ్లాను. ఆగస్టు 11. లోపలికి వెళ్లాలంటే గేటు దాటాలి కదా. ఆ అమ్మాయి నన్ను గుర్తుపట్టి, “ఈసారి ఏ చెయ్యి సార్?” అంది. కళ్లు గట్టిగా మూసుకుని కుడిచెయ్యి ఇచ్చాను. చల్లగా తగిలింది, అంతే. సిరా ఆరకముందే ఈ కాగితం మీద అద్దాను. కింద ఊదారంగు మరక అదే. అక్షరాలు తిరగబడ్డాయి, అద్దంలో పెట్టి చూసుకో.

సబ్బుతో రుద్దినా మూడు రోజుల దాకా పోదట. సంఘానికి అలాగే వెళ్తాను. ఏమంటారో తెలుసు. మీ మరదలు మాత్రం ఆ ముద్ర చూసి, ఇవాళ మధ్యాహ్నం నాకు అన్నం పెట్టి పక్కన కూర్చుంది.

శ్రమలు ముందా, రాకడ ముందా అన్న దాంట్లో నేను ఒక్క అంగుళం కూడా తగ్గలేదు. నువ్వు చెప్పేది ఇప్పటికీ తప్పే. అది పక్కన పెట్టు. నువ్వు కట్టుతో బస్సెక్కి వెళ్లిపోయిన రోజు నుంచీ నాకు నిద్ర పట్టడం లేదు అక్కా. గురక కూడా రావడం లేదట, కావాలంటే మీ మరదల్ని అడుగు. ఇది ఎవరూ కలిపింది కాదు. నేనే రాశాను, ముద్ర పడ్డ చేత్తోనే.

ఇప్పుడు నీకు కళ్లు కనిపిస్తాయని తెలుసు. అయినా ఈ ఒక్క ఉత్తరం నువ్వు చదవకు. ఇస్త్రీ ఆవిడకిచ్చి చదివించుకో. ఈసారి ఏమీ వదలొద్దని చెప్పు, ఏమీ కలపనక్కర్లేదని కూడా చెప్పు.

రోగితో రాబోతున్న
తమ్ముడు